పాత తుపాకి బేరం

సెకండుహేండు కారు కొనాలంటే మనవాడు తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకు వెడతాడు. బానెట్టు ఎత్తిస్తాడు, టైర్ల అరుగుదల చూస్తాడు, వంగి ఆయిలు కారుతోందేమో తడిమి చూస్తాడు. అదే మనిషి పాత రైఫిలు కొనడానికి వెళ్ళాడనుకోండి. కర్ర నిగనిగలాడుతోందనీ, సినిమాలో చూసినదానిలాగే ఉందనీ సంబరపడి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేసి ఇంటికొస్తాడు. కారులో లోపం ఉంటే కొన్నవాడికి తెలుస్తుంది. తుపాకిలో లోపం అతనికంటె ముందు అడవిలో జంతువుకి తెలుస్తుంది.

మనకీ తుపాకులకీ ఏం సంబంధమయ్యా అంటారు కాబోలు. నిజమే, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట ముచ్చట తీరిపోయింది. తీరిపోవడమే మంచిదయింది. కాని నేనుంటున్న పెన్సిల్వేనియాలో కథ వేరు. ఇక్కడ జింకలు పొలాలు మేసి, పెరళ్ళు మేసి, రోడ్డుమీద కార్లకి అడ్డంపడేటన్ని ఉన్నాయి. అంచేత ప్రభుత్వంవారే పాఠం చెప్పి, లైసెన్సులిచ్చి, ఎన్నింటిని కొట్టవచ్చో లెక్కకట్టి మరీ అడవిలోకి పంపుతారు. ఇరుగుపొరుగులతోపాటు మన కుర్రాళ్ళూ ఒకరిద్దరు వెడుతున్నారు. వారిలో మా మేనల్లుడొకడు.

రెండేళ్ళ కిందట ఫోను చేశాడు. "మావయ్యా, లీవరు రైఫిలొకటి కొందామనుకుంటున్నాను. పాతదయితే చవకే కదా?"

"ఎంత దూరం నించి కొడతావురా?" అన్నాను.

"అదేమిటి! ధర అడిగితే దూరం చెప్పమంటావు?"

చెప్పమనే అంటాను. ఈ బేరానికి మొదటి ప్రశ్న అదే.

లీవరు రైఫిలు ఎరగనివారికి రెండు ముక్కలు. ట్రిగ్గరు కింద ఉండే కమ్మి నాలుగు వేళ్ళు పట్టేటంత ఉంగరంలా వెనక్కి సాగి ఉంటుంది. దాన్ని కిందికి తోస్తే కాలిన తూటా డొల్ల ఎగిరి బయటపడుతుంది; పైకి లాగితే కొత్త తూటా లోపలికి వెడుతుంది. కౌబాయ్ సినిమాల పుణ్యమా అని లోకమంతటికీ తెలిసిన తుపాకి ఇది. ఈ జాతికి పెద్దన్న వించెస్టర్ 94. జాన్ బ్రౌనింగ్ అనే మహానుభావుడు రూపు కట్టాడు, 1894లో అమ్మకానికి వచ్చింది. మరుసటేడు పొగరాని మందుతో థర్టీ-థర్టీ అనే తూటా వచ్చింది. అప్పటినించి ఆ జంట విడలేదు. పది లక్షలవ తుపాకిని 1927లో ప్రెసిడెంటు కూలిడ్జికి బహూకరించారు. 2006లో న్యూ హేవెన్ ఫేక్టరీ మూతపడేనాటికి 70 లక్షలు దాటాయి. అన్ని ఉన్నాయి గనకే తుపాకుల కొట్టు ఏదైనా సరే, గోడకి ఒక పాత థర్టీ-థర్టీ ఆని ఉంటుంది.

ఇక దూరం సంగతి. ఈ తుపాకిలో తూటాలు అసలు గొట్టం కింద ఇంకో గొట్టంలో, రైలుపెట్టెల్లా ఒకదాని వెనకొకటి ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున ఉన్న ప్రైమరుకి ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే కుదుపుకి ప్రైమరు పేలే ప్రమాదం ఉంది. అంచేత మొండిముక్కు గుండ్లే వాడుతూ వచ్చారు. మొండిముక్కు గాలిని కోసుకుపోలేదు, త్వరగా నీరసపడుతుంది. 2006 ప్రాంతంలో హార్నడీ కంపెనీవారు మెత్తటి ప్లాస్టిక్కు మొన ఉన్న గుండ్లు తెచ్చి కొంత మేలు చేశారు గాని, థర్టీ-థర్టీ థర్టీ-థర్టీయే. 100 గజాలకి గురి సరిచేసిన మామూలు తూటా 200 గజాల దగ్గర 7, 8 అంగుళాలు కిందికి దిగుతుంది. 300 గజాలకి రెండడుగులు దాటి దిగుతుంది. జింక గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు భోజనం పళ్ళెమంత! 150 గజాల లోపల ఇంతకంటె నమ్మకమైన తుపాకి అక్కర్లేదు. ఆ గీత దాటితే అదృష్టం మీద ఆధారపడడమే.

ఇది పుస్తకం లెక్క కాదు. కొన్నేళ్ళ కిందట మా జట్టులో ఒక ఆసామి పొలం అవతలి అంచున ఉన్న మగజింకని, 250 గజాలకి పైమాటే, పాత థర్టీ-థర్టీతో కొట్టాడు. అది పడలేదు. వెనక కాలు ఈడ్చుకుంటూ చెట్లలోకి పోయింది. పొద్దుగూకేదాకా, పొద్దుగూకాక దీపాలు పట్టుకుని, మంచుమీద నెత్తుటి చుక్కల వెంట నలుగురం తిరిగాం. ఒక వాగు దగ్గర చుక్కలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళాం, దొరకలేదు. ఆ పెద్దమనిషి తుపాకిని తిట్టాడు. తుపాకిలో ఏ లోపమూ లేదు, నేనే విప్పి చూశాను.

మా మేనల్లుడు వేటాడబోయేది ఆఫీసు స్నేహితుడి మావగారి పొలం వెనక దట్టమైన అడవిలో. 80 గజాలు దాటి కనపడదు. "అయితే సరే, థర్టీ-థర్టీ కొనుక్కో" అన్నాను.

"మరి పైఏడు కొలరాడోలో ఎల్క్ వేటకి పిలుస్తున్నారు మావయ్యా."

"దానికిది కాదురా!"

ఎల్క్ అంటే 300 కిలోల జంతువు. అక్కడివి బట్టబయలు కొండలు. లీవరే కావాలని పట్టుబట్టేవారికి అలాటి చోట్లకి పాత సావేజ్ 99 ఉంది. 1899లో వచ్చింది, 1990ల ఆఖరుదాకా తయారయింది. దాంట్లో తూటాలు వరసగా కాక, గుండ్రంగా తిరిగే చక్రంలో కూర్చుంటాయి. ఒకదాని ముక్కు ఇంకోదానికి తగలదు గనక సూదిముక్కు గుండ్లు నిక్షేపంగా వాడవచ్చు. త్రీ-నాట్-ఎయిట్ తూటాకి చేసినది దొరికితే వదలకండి. దట్టమైన అడవిలో ఎలుగుబంటికో మూస్‌కో అయితే ఫార్టీఫైవ్-సెవెంటీ అనే లావుపాటి తూటా ఉంది. భుజానికి మాత్రం గుర్రం తన్నినట్టుంటుంది.

సరే, శనివారంనాడు ఇద్దరం కొట్టుకి వెళ్ళాం. గోడకి రెండు ఉన్నాయి. ఒకటి 1950లనాటి వించెస్టర్ 94, ధర 1,150 డాలర్లు. రెండోది మార్లిన్ 336, ధర 750. మావాడి కళ్ళు మొదటిదాన్ని వదిలిరావడం లేదు.

ఈ ధరల తేడాకి ఒక చరిత్ర ఉంది. 1964లో వించెస్టర్‌వారు ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ మార్చారు. మరపట్టిన ముక్కల బదులు రేకు కొట్టిన ముక్కలు కొన్ని పెట్టారు, పైపెట్టె ఉక్కు మార్చారు. జనం ముక్కు విరిచారు. అప్పటినించి "64కి ముందుది" అన్న మాట మంత్రమై కూచుంది. సీరియల్ నెంబరు 27 లక్షల దగ్గర ఈ గీత పడుతుంది. 64 తర్వాతవాటికి మామూలు బ్లూయింగు సరిగా పట్టదన్న మాటా నిజమే. కాని అవీ గుండు సూటిగానే కొడతాయి. ఆ ఎక్కువ డబ్బు సరుకు దాచుకునేవాడు ఇవ్వాలి గాని, అడవికి పోయేవాడు ఎందుకివ్వాలో నాకు బోధపడదు.

తుపాకి చేతికి రాగానే మొదటి పని లీవరు తెరిచి లోపల తూటా లేదని కంటితో చూడడం, వేలితో తడమడం. కొట్టువాడు చూశానన్నా సరే, మళ్ళీ చూడాలి. తర్వాత తుపాకి మూతి చూడాలి. గొట్టం చివరి అంచు దెబ్బతింటే గుండు వంకరపోతుంది. వించెస్టర్ 94ని వెనకనించి శుభ్రం చేయడానికి చాలా ముక్కలు విప్పాలి. అంచేత తరతరాలుగా జనం మూతిలోంచే కడ్డీ పెట్టి తోముతారు. తోమి తోమి ఆ అంచు అరుగుతుంది. మావాడు మోజుపడ్డ తుపాకికి అదే జబ్బు. భూతద్దం పెట్టి చూపించాను, ఒక పక్క నున్నగా జారిపోయింది. పైగా మరల తలలు స్క్రూడ్రైవరు జారి చిరిగి ఉన్నాయి. తగని పనిముట్టుతో ఎవరో విప్పారన్నమాట. లోపల ఏం చేశారో దేవుడికెరుక.

ఇంకోటి. పాత 94 డొల్లలని పైకి ఎగరేస్తుంది. పైన దుర్భిణి బిగించడానికి వీలుండదు. 1980ల మొదట్లో పక్కకి ఎగరేసేలా మార్చారనుకోండి, కాని ఇది అంతకు ముందుది. మావాడికి సోడాబుడ్డి కళ్ళద్దాలు. దుర్భిణి లేకుండా 80 గజాల్లో కొమ్మనీ కొమ్మునీ పోల్చలేడు.

మార్లిన్ 336 వచ్చింది 1948లో. డొల్లని పక్కకే విసురుతుంది, పైభాగం మూసి ఉంటుంది. లీవరు మర ఒక్కటి తీస్తే బోల్టు వెనక్కి ఊడివస్తుంది. వెనకనించే తోమవచ్చు, వెనకనించే వెలుతురులో చూడవచ్చు. చూశాం. మెలితిరిగిన గాడులు అద్దంలా ఉన్నాయి, తుప్పు గుంటలు లేవు. హేమరు సగం ఎత్తి ట్రిగ్గరు నొక్కాను, పడలేదు. పూర్తిగా ఎత్తి బొటనవేలితో ముందుకి తోశాను, కదలలేదు. ఈ రెండిట్లో ఏది తప్పినా కొట్టువాడికి నమస్కారం పెట్టి వచ్చేయడమే. బోల్టు మూసి ఉండగా వెనక్కీ ముందుకీ ఆడుతుంటే గన్‌స్మిత్ చేత గేజితో కొలిపించాలి, ఇది ఆడలేదు. కర్ర సన్నబడే చోట, ఇనుమూ కర్రా కలిసే దగ్గర, నెరియలున్నాయేమో గోటితో గీసి చూశాను, లేవు.

ఈ మార్లిన్లకో తెగులుంది. లీవరు అంచు రాసుకుని రాసుకుని తూటాని పైకెత్తే తొట్టిని గాడి పెడుతుంది. అప్పుడు రెండు తూటాలు ఒకేసారి వచ్చి ఇరుక్కుంటాయి. అంచేత మందులేని డమ్మీ తూటాలు అడిగి ఆరు నింపి, మెల్లగా ఒకసారి, విసురుగా ఒకసారి ఆడించాను. అన్నీ సజావుగా వచ్చాయి.

గొట్టం మీద 'జేయెమ్' అనే ముద్ర ఉంది. 2007 ఆఖర్న రెమింగ్టన్‌వారు మార్లిన్ కంపెనీని కొన్నారు, తర్వాత పాత ఫేక్టరీ మూసేశారు. కొత్తచోట తొలి ఏళ్ళలో చేసినవాటి పనితనం మీద జనం నానా మాటలూ అన్నారు. అందుకే ఆ ముద్రకి గిరాకీ. 2020లో రూగర్‌వారు కొన్నాక పేరు మళ్ళీ నిలబడింది. సీరియల్ నెంబరు 25తో మొదలైంది. ఆ కాలపు మార్లిన్లకి మొదటి రెండంకెలూ 2000లోంచి తీసేస్తే పుట్టిన సంవత్సరం వస్తుంది. 1975 అన్నమాట.

"నాకంటె పెద్దది మావయ్యా!" అన్నాడు.

"నీకంటె నిదానం కూడానూ" అన్నాను. బేరమాడి 700కి తెగ్గొట్టాం.

తర్వాత కాయితాల పని. ఫారం 4473 నింపాలి. 1998 నించి ఫెడరల్‌వారి తనిఖీ అక్కడికక్కడే జరుగుతుంది. మావాడికి గ్రీన్ కార్డు ఉంది గనక ఇబ్బంది లేకపోయింది. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్న మన కుర్రాళ్ళు మాత్రం ఇది బాగా గుర్తుంచుకోవాలి. మామూలుగా వారికి తుపాకి కొనే హక్కు లేదు. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి డబ్బుతో స్నేహితుడి కోసం తన పేరున కొనిపెట్టడం మటుకు పెద్ద నేరం. "ఏదో సాయం చేశానండీ" అంటే జడ్జిగారు వినరు సుమండీ! వేరే రాష్ట్రం మనిషి దగ్గర కొన్నా, తుపాకి లైసెన్సున్న డీలరు ద్వారానే చేతికి రావాలి.

దుర్భిణి బిగించుకుని, రెండు పెట్టెల తూటాలు తీసుకుని ఆదివారం రేంజికి వెళ్ళాం. మొదట 50 గజాలు, తర్వాత 100. కూర్చుని కొడితే అయిదుకి అయిదూ సాసరులో పడ్డాయి. నిలబడి కొడితే రెండే పడ్డాయి. నిలబడి 60 గజాలు మించి కొట్టనని వాడే అన్నాడు, నేను చెప్పకుండానే. మొదటి ఏడాది వాడికి జింక కనపడింది గాని కొమ్మలు అడ్డం, కొట్టలేదు. రెండో ఏడాది 55 గజాల్లో నిలబడిన జింక అక్కడికక్కడే పడింది. మాకూ ఒక పొట్లం పంపాడు. మా ఆవిడ ఐసుపెట్టెలో దాచిన గోంగూర వేసి వండింది.