రణరంగానికి ఆయుధాలు, వంటింటికి భారం

ఒక గృహస్థుడు తన బంధువు చేసిన అప్పుకు జామీను సంతకం పెడతాడు. ఆ క్షణంలో అతని మనసులో బంధువు కష్టం తప్ప మరొకటి ఉండదు. కాని ఆ సంతకం బరువు కొన్ని మాసాల తరువాత, ఇల్లాలు బియ్యపు డబ్బా మూత తీసినప్పుడు తెలియవస్తుంది. పిల్లవాని ఫీజు కట్టవలసిన రోజున తెలియవస్తుంది. సంతకం పెట్టినవాడు ఒక్కడు, భారం మోసేది ఇంటిల్లిపాదీ. అందుకే జామీను ఇచ్చే ముందు ఇంట్లో ఒక మాట అడగమని పెద్దలు చెబుతారు.

రాజ్యాల విషయంలోనూ జరిగేది ఇదే. యుద్ధంలో ఉన్న మిత్రదేశానికి ఫలానా దేశం ఇన్ని కోట్ల డాలర్ల సైనిక సహాయం ప్రకటించిందని తరచుగా చదువుతుంటాము. ఆ అంకె ఖజానా నుండి వెళ్లే ధనాన్ని మాత్రమే సూచిస్తుంది. ఆ నిర్ణయం వల్ల సహాయం చేసిన దేశపు ఇళ్లలో ఏమవుతుందో, దానితో ఏ సంబంధమూ లేని దేశాల ఇళ్లలో ఏమవుతుందో ఆ అంకెలో కనిపించదు. దీనిని అర్థం చేసుకోవడానికి అర్ధ శతాబ్దం నాటి ఒక ఉదంతాన్ని ఈ మాసం పరిశీలిద్దాం. అది అమెరికాకు సంబంధించినదే అయినా, దాని చివరి అధ్యాయం మన తెలుగు ముస్లిం కుటుంబాల గడపలోనే ఉంది.

1973 అక్టోబరు 6. హిజ్రీ 1393, రమజాన్ మాసం పదవ రోజు. 1967లో తాము కోల్పోయిన సీనాయ్, గోలాన్ ప్రాంతాలను తిరిగి పొందడానికి ఈజిప్టు, సిరియా సేనలు ఇస్రాయీల్‌పై యుద్ధం ప్రారంభించాయి. మొదటి వారంలోనే ఉభయ పక్షాల ఆయుధాలు వేగంగా తరిగిపోయాయి. సోవియట్ యూనియన్ ఈజిప్టుకు, సిరియాకు విమానాల ద్వారా ఆయుధాలు పంపసాగింది. అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఇస్రాయీల్‌కు అదే విధంగా సరఫరా చేయవలసిందిగా తన సైన్యాన్ని ఆదేశించారు. అక్టోబరు 14 నుండి నవంబరు 14 వరకు నెల రోజుల పాటు అమెరికా భారీ రవాణా విమానాలు సుమారు 22 వేల టన్నుల యుద్ధ సామగ్రిని చేరవేశాయి. ఐరోపాలోని మిత్రదేశాలలో అత్యధికం తమ గడ్డపై ఆ విమానాలను దిగనివ్వలేదు. పోర్చుగల్ ఒక్కటి మాత్రం అట్లాంటిక్ మహాసముద్రంలోని తన అజోర్స్ దీవుల స్థావరాన్ని వాడుకోనిచ్చింది. అక్టోబరు 19న నిక్సన్ ఇస్రాయీల్ కోసం 220 కోట్ల డాలర్ల అత్యవసర సహాయాన్ని మంజూరు చేయవలసిందిగా అమెరికా కాంగ్రెస్‌ను కోరారు.

ఈ నిర్ణయాన్ని సమర్థించినవారికి వారి వాదన ఉంది. అవతలి పక్షానికి సోవియట్ ఆయుధాలు అందుతున్నప్పుడు తమ మిత్రుని వదిలివేస్తే ప్రపంచంలో ఏ మిత్రుడూ తమను నమ్మడని వారన్నారు. ఆ వాదనలోని మంచిచెడ్డలు ఇక్కడ మన విషయం కాదు. ఆ సహాయానికి చెల్లించవలసి వచ్చే మూల్యాన్ని దేశ ప్రజలకు ముందుగా చెప్పారా అన్నదే మన ప్రశ్న.

హెచ్చరికలు లేకపోలేదు. అమెరికా ధోరణి మారకపోతే చమురు స్నేహం కొనసాగడం కష్టమని సౌదీ అరేబియా రాజు ఫైసల్ ఆ సంవత్సరంలో యుద్ధానికి ముందే పలుమార్లు తెలియజేశారు. సౌదీలో చమురు తీస్తున్న నాలుగు అమెరికా కంపెనీల అధిపతులు కూడా అక్టోబరు 12న అధ్యక్షునికి లిఖితపూర్వకంగా విన్నవించారు: సైనిక సహాయం పెంచితే చమురు సరఫరా దెబ్బతింటుందని. ఆ మాట పాలకుల బల్లమీదికి వెళ్లింది. కారులో పిల్లలను బడికి తీసుకువెళ్లే తల్లికి, చలికాలపు నూనె కోసం పింఛనులో కొంత దాచుకునే వృద్ధునికి మాత్రం ఆ మాట చేరలేదు.

అక్టోబరు 16న గల్ఫ్ చమురు దేశాలు పీపా ధరను 3 డాలర్ల ఒక సెంటు నుండి 5 డాలర్ల 11 సెంట్లకు పెంచాయి. మరునాడు అరబ్ చమురు దేశాలు కువైట్‌లో సమావేశమై ఉత్పత్తిని నెలనెలా తగ్గించాలని నిర్ణయించాయి. 220 కోట్ల డాలర్ల ప్రకటన వెలువడిన వెంటనే, అక్టోబరు 20న సౌదీ అరేబియా అమెరికాకు చమురు పంపడం పూర్తిగా నిలిపివేసింది. 1974 జనవరి ఒకటి నాటికి పీపా ధర 11 డాలర్ల 65 సెంట్లకు చేరింది. మూడు మాసాలు తిరగక ముందే ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఆనాటికి అమెరికా తాను వాడుకునే చమురులో మూడో వంతుకు పైగా దిగుమతి చేసుకుంటోంది.

ఇక ఇళ్లలోకి వెళ్లి చూద్దాం. నవంబరు 7న నిక్సన్ టెలివిజన్‌లో ప్రసంగిస్తూ, ఇళ్లలో వేడి పరికరాలను ఇరవై సెంటీగ్రేడు డిగ్రీలకు మించనివ్వవద్దని ప్రజలను కోరారు. ఆదివారాలు పెట్రోలు బంకులు మూసి ఉంచవలసిందిగా ఆ నెలాఖరులో విజ్ఞప్తి చేశారు. తెరిచి ఉన్న బంకుల ముందు వాహనాలు వీధుల పొడవునా బారులు తీరాయి. కొన్ని రాష్ట్రాలలో కారు నంబరు సరి సంఖ్య అయితే ఒక రోజు, బేసి సంఖ్య అయితే మరొక రోజు పెట్రోలు పోశారు. రహదారులపై వేగాన్ని గంటకు 88 కిలోమీటర్లకు పరిమితం చేశారు. విద్యుత్తు పొదుపు కోసం జనవరిలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. దానితో పిల్లలు చీకటి విడవక ముందే బడికి బయలుదేరవలసి వచ్చింది. తల్లిదండ్రుల ఆందోళన వల్ల ఆ ఏటి అక్టోబరులోనే ఆ శాసనాన్ని సడలించవలసి వచ్చింది.

పెద్ద కార్లు కొనేవారు తగ్గడంతో మోటారు కర్మాగారాలలో వేలాది కార్మికులకు పని పోయింది. డీజిల్ ధర భరించలేక లారీ డ్రైవర్లు డిసెంబరులోనూ, ఫిబ్రవరిలోనూ రహదారులపై సమ్మెకు దిగారు. 1974లో అమెరికాలో ధరలు సగటున 11 శాతం పెరిగాయి. 1975 మే నాటికి నిరుద్యోగం తొమ్మిది శాతానికి చేరింది.

న్యాయంగా చెప్పాలంటే ఈ కష్టమంతా సైనిక సహాయం ఒక్కదానివల్లనే వచ్చింది కాదు. అమెరికా బావుల ఉత్పత్తి 1970 తరువాత తగ్గుముఖం పట్టింది. ధరలు అంతకు ముందే పెరుగుతున్నాయి. 1971 నుండి ప్రభుత్వం విధించిన ధరల నియంత్రణ, ప్రాంతాలవారీగా పెట్రోలును పంచిన తీరు సైతం బంకుల ముందు వరుసలను పెంచాయి. కాని ఇంటి గోడలో అంతకు ముందే బీటలు ఉన్నాయన్నది, దానిమీద మరొక బరువు మోపడానికి సాకు కాజాలదు. బీటలున్న గోడ విషయంలోనే ఇంటి యజమాని మరింత జాగ్రత్త పడాలి.

ఇందులో మేలు కలగలేదని కూడా అనలేము. వేగం, ప్రయాణాలు తగ్గడం వల్ల 1974లో అమెరికా రోడ్డు ప్రమాదాలలో మరణాలు అంతకు ముందటి ఏడాదికంటే సుమారు తొమ్మిది వేలు తగ్గాయి. తక్కువ ఇంధనంతో నడిచే కార్లపై, చమురు నిల్వలపై 1975లో శాసనం వచ్చింది. అయితే పొదుపు నేర్చిన పాఠంలోనూ సమానత్వం లేదు. ధనవంతునికి ఆ చలికాలం ఒక అసౌకర్యం. జీతం మీద బ్రతికేవానికి అది వెచ్చదనమా, భోజనమా అనే ఎంపిక.

సహాయం చేసిన దేశపు సంగతి ఇది. ఇందులో ఏ పాత్రా లేని దేశాల సంగతి చూడండి. భారతదేశం ఆ యుద్ధంలో ఎవరికీ ఆయుధాలు పంపలేదు. పైగా అరబ్ దేశాల పట్ల సానుభూతి ప్రకటించింది. అయినా చమురు ధరకు మిత్రుడు, శత్రువు అనే భేదం తెలియదు. 1973 నవంబరులో మన ప్రభుత్వం పెట్రోలు ధర పెంచినప్పుడు, అటల్ బిహారీ వాజ్‌పేయి నిరసనగా ఎద్దుల బండిలో పార్లమెంటుకు వెళ్లారు. అంతకు ముందటి కరువు ప్రభావానికి చమురు ధర తోడై, 1974లో దేశంలో టోకు ధరలు పాతిక శాతానికి పైగా పెరిగాయి. ఆనాడు మన పల్లెలలో అనేక ఇళ్లకు కిరోసిన్ దీపమే వెలుగు, కిరోసిన్ స్టవ్వే పట్టణపు పేదింటి పొయ్యి. ఎరువుల ధర పెరిగి రైతు మడిలోకీ ఆ యుద్ధం ప్రవేశించింది. ఎక్కడి సీనాయ్ ఎడారి, ఎక్కడి మన వరిచేను!

ఇక్కడి నుండే మన ఇళ్ల కథ మొదలవుతుంది. నాలుగు రెట్లయిన ధర గల్ఫ్ దేశాల ఖజానాలను నింపింది. ఆ ధనంతో అక్కడ రహదారులు, రేవులు, ఆసుపత్రులు, కొత్త నగరాలు లేచాయి. వాటిని కట్టడానికి చేతులు కావలసి వచ్చాయి. 1970వ దశకం మధ్య నుండి హైదరాబాద్ పాతబస్తీ, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి తాపీపనివారు, డ్రైవర్లు, దర్జీలు, ఇంటిపని చేసే స్త్రీలు ఆ దారి పట్టారు. ఎందరో ఇల్లు కట్టుకున్నారు, చెల్లెళ్ల నికాహ్ జరిపించారు, పిల్లలను చదివించారు. ఆ మేలును కాదనలేము. దాని వెనుక మరొక లెక్క కూడా ఉంది. అప్పు చేసి వీసా కొన్నవారు, రెండేళ్లకొకసారి అతిథిలా ఇంటికి వచ్చే తండ్రులు, అబ్బాజాన్ గొంతును క్యాసెట్టులో విని పెరిగిన పిల్లలు, అత్తమామల సేవ, బిడ్డల పెంపకం ఒంటి చేత్తో మోసిన తల్లులు ఆ లెక్కలోని వారే. ఒక రాజధానిలో కొందరు తీసుకున్న నిర్ణయం, దాని జవాబుగా మరికొన్ని రాజధానులలో వెలువడిన నిర్ణయాలు కలిసి, మన వీధిలోని ఒక ఇంట్లో ఈద్ రోజున దస్తర్‌ఖాన్ ముందు ఒక స్థానాన్ని ఖాళీగా ఉంచాయి.

1974 మార్చి 18న అరబ్ దేశాలలో అత్యధికం అమెరికాపై నిషేధాన్ని ఎత్తివేశాయి. చమురు ధర మాత్రం పాత స్థాయికి దిగిరాలేదు. యుద్ధం మూడు వారాలలో ముగిసింది, విమానాల రవాణా ఒక నెలలో ముగిసింది, నిషేధం అయిదు మాసాలలో ముగిసింది. దాని వల్ల మారిన జీవితాలు మాత్రం ఆ గడువులతో ముగియలేదు.

ప్రజాధనం పాలకుని చేతిలో అమానతు. దానితో చేసే స్నేహం కూడా అమానతే. మిత్రునికి అండగా నిలవడం మంచి గుణమే. అయితే తన ఇంటివారి పేరు మీద మాట ఇచ్చేవాడు వారితో సంప్రదించాలి, రాగల నష్టాన్ని దాచకుండా చెప్పాలి. షూరా అనే పద్ధతికి ఉన్న అర్థం ఇదే. కష్టాన్ని ముందుగా తెలుసుకుని అంగీకరించిన ప్రజలు దానిని ఓర్చుకోగలరు. చెప్పకుండా నెత్తిన వేసిన భారం ఓర్పును కాదు, అనుమానాన్ని పెంచుతుంది. 1973లో బంకుల ముందు నిలబడ్డ ఎందరో అమెరికన్లు ఈ కొరత నిజమేనా, కంపెనీల కుట్రా అని శంకించారు. సత్యం ముందుగా చెప్పనివాని మాట తరువాత ఎవరు నమ్ముతారు?

పాఠక సోదర సోదరీమణులారా! నేడు కూడా అనేక యుద్ధాలకు దూరదేశాల నుండి ఆయుధాలు తరలుతున్నాయి. అలాంటి వార్త చదివినప్పుడు కోట్ల అంకె దగ్గర ఆగిపోకండి. ఈ సహాయంతో ఆ నేలమీద ఎవరి ప్రాణాలు పోతున్నాయి? పంపిన దేశంలో ఏ ఇంటి పొయ్యి చల్లారుతుంది? అడగకుండానే ఆ మూల్యంలో వాటా పొందబోయే పేద దేశాలు ఏవి? ఈ మూడు ప్రశ్నలను మీ పిల్లలతో కూర్చుని చర్చించండి. ఇంట్లో గల్ఫ్‌కు వెళ్లివచ్చిన పెద్దలు ఉంటే, మీరు ఎందుకు వెళ్లారు, ఆ ఏళ్లలో ఇల్లు ఎలా గడిచింది అని వారిని అడగమని చెప్పండి. చరిత్ర పుస్తకంలో నాలుగు పంక్తులుగా ఉన్న యుద్ధం తమ ఇంటిదాకా ఎలా వచ్చిందో పిల్లలు ఆ జవాబులో స్వయంగా వింటారు. రేపు వారిలో ఎవరైనా నలుగురి తరఫున సంతకం పెట్టే స్థానానికి చేరితే, కలం పట్టే ముందు ఇంటివారి వైపు ఒకసారి చూస్తారు.