స్టీరింగ్ ఎవరి చేతిలో పెట్టారు?

1964 జూన్ 21 రాత్రి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా అనే చిన్న ఊరి దగ్గర, కు క్లక్స్ క్లాన్ ముఠా ముగ్గురు యువకులను కాల్చి చంపింది. నల్లవాళ్ల ఓటు కోసం పనిచేయడమే వాళ్లు చేసిన నేరం. జేమ్స్ చేనీ అక్కడికి దగ్గర్లోని మెరిడియన్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి కార్యకర్త. మైకేల్ ష్వెర్నర్, ఆండ్రూ గుడ్‌మన్ న్యూయార్క్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు. ఆ రోజు కారు నడిపింది చేనీ. 1988లో ఆలన్ పార్కర్ ఈ హత్యల ఆధారంగా 'మిసిసిపీ బర్నింగ్' తీశారు. అందులో స్టీరింగ్ ముందు తెల్లవాడు కూర్చుంటాడు. నల్ల యువకుడు వెనక సీట్లో ఉంటాడు.

చూడ్డానికి చిన్న మార్పు. కానీ సినిమా మొత్తం నడిచిన తీరు ఇదే. జీన్ హ్యాక్‌మన్, విలెం డఫో నటించిన ఇద్దరు తెల్ల ఎఫ్‌బీఐ అధికారులు అందులో న్యాయం కోసం రగిలిపోతుంటారు. నల్లవాళ్లు దెబ్బలు తింటారు, ఇళ్లు తగలబడుతుంటే చూస్తారు, ప్రార్థిస్తారు, ఎవరో వచ్చి కాపాడేదాకా ఎదురుచూస్తారు. అదే వేసవిలో అదే రాష్ట్రంలో నల్లవాళ్లు ఫ్రీడమ్ స్కూళ్లు నడిపారు, తమను రానివ్వని డెమోక్రటిక్ పార్టీకి పోటీగా సొంత పార్టీ పెట్టుకున్నారు. పత్తి చేలల్లో పనిచేసి బతికిన ఫ్యానీ లూ హేమర్ ఆగస్టులో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ జరుగుతున్న అట్లాంటిక్ సిటీకి వెళ్లి, జైల్లో తనను ఎలా కొట్టారో దేశమంతా వినేలా చెప్పారు. సినిమాలో ఇవేవీ లేవు. ఎఫ్‌బీఐ సంగతి ఇంకా దారుణం. ఆత్మహత్య చేసుకొమ్మని సూచిస్తూ మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆకాశరామన్న ఉత్తరం పంపింది ఆ సంస్థే. అదీ ఆ ఏడాది నవంబరులోనే. ఏడు ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకున్న పనితనం ఆ సినిమాది. అంత బాగా తీశారు కాబట్టే అబద్ధం జనం మనసులో నాటుకుపోయింది.

చరిత్రను తెరకెక్కించేటప్పుడు కల్పన తప్పదు. రెండు గంటల్లో పదేళ్లు ఇమడవు. ఏది కల్పించారని అడిగితే సరిపోదు, ఎవరు చేసిన పనిని ఎవరి పేరున రాశారని అడగాలి. ఈ కొలతతో చూస్తే, అలబామాలోని సెల్మా పట్టణంలో 1965లో ఓటు హక్కు కోసం సాగిన పోరాటంపై ఏవా డువర్నే తీసిన 'సెల్మా' (2014) మీద రేగిన గొడవ మరోలా కనిపిస్తుంది.

కింగ్ ప్రసంగాల సినిమా హక్కులు అప్పటికే వేరే నిర్మాణ సంస్థ దగ్గర ఉండటంతో డువర్నేకు అసలు మాటలు వాడుకునే వీలు లేకపోయింది. ఆయన ధోరణి పట్టుకుని ఆమే కొత్త ప్రసంగాలు రాసుకున్నారు. దానివల్ల ఎవరి వాటాకూ లోటు రాలేదు. అధ్యక్షుడు జాన్సన్‌ను చూపిన తీరు మాత్రం వివాదమైంది. ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌ను పిలవమని జాన్సన్ అనడం, వెంటనే కింగ్ ఇంటికి నీచమైన టేపు చేరడం, ఈ రెండూ పక్కపక్కన పెడితే చేయించింది ఆయనే అనిపిస్తుంది. ఆ టేపు హూవర్ మనుషుల సొంత నిర్వాకం, అంతకు ముందు నవంబరు నాటిది. ఇది సినిమా చేసిన పొరపాటే, సమర్థించలేను.

అయితే జాన్సన్ దగ్గర పనిచేసిన జోసెఫ్ కాలిఫానో వాషింగ్టన్ పోస్ట్‌లో చేసిన వాదన ఇంతకంటే పెద్ద తప్పు. అసలు సెల్మా ఆలోచనే జాన్సన్‌ది అన్నారాయన. జాన్సన్ కింగ్‌తో ఫోన్‌లో మాట్లాడి, ఓటు నిరాకరణకు ఘోరమైన ఉదాహరణ వెతికి చూపమన్నది 1965 జనవరి 15న. కింగ్ సెల్మా బ్రౌన్ చాపెల్‌లో సభ పెట్టి ఉద్యమం మొదలుపెట్టింది జనవరి 2న. విద్యార్థి సంఘం కార్యకర్తలు 1963 నుంచే అక్కడ గడప గడపా తొక్కుతున్నారు. అమీలియా బోయిన్‌టన్ అంతకు చాలా ఏళ్ల ముందునుంచే ఓటర్ల నమోదు కోసం తిరుగుతున్నారు. స్టీరింగ్ మళ్లీ తెల్లవాడి చేతికి ఇమ్మనడమే కాలిఫానో వాదన.

డువర్నే సినిమా కూడా ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గదు. 1963 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయిన వెంటనే, అలబామాలో ఓటు హక్కు కోసం భారీ పోరాటం జరగాలని పథకం రాసినవాళ్లు డయాన్ నాష్, జేమ్స్ బెవెల్. సినిమాలో నాష్ ఉన్నారు, కానీ చిన్న పాత్రలోనే. మంచి డైరెక్టరు, అందులోనూ స్త్రీ, తీసిన సినిమాలోనే ఇలా జరిగితే మిగతా వాటి గురించి చెప్పేదేముంది? ఆ మాటకొస్తే 'టిల్' (2022) ఈ విషయంలో మెరుగు. పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్‌ను చంపే దృశ్యాన్ని తెరమీద చూపలేదు. ఛిద్రమైన కొడుకు ముఖాన్ని లోకం చూడాలని శవపేటిక తెరిచి ఉంచిన తల్లి మేమీ నిర్ణయం చుట్టూ కథ నడిపారు.

తెలుగువాళ్లకు ఇది పరాయి చరిత్ర కాదు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టంపై సంతకం పెట్టిన జాన్సన్, అక్టోబరు 3న వలస చట్టంపై సంతకం పెట్టారు. అంతదాకా, 1946 నుంచి, భారతీయులకు ఏటా వంద మంది అన్న కోటా ఉండేది; కొత్త చట్టం దాన్ని ఎత్తేసింది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను వడగట్టే ఆ పద్ధతి కొనసాగడానికి వీల్లేని వాతావరణాన్ని తెచ్చింది పౌర హక్కుల ఉద్యమం. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వైద్య కళాశాలల నుంచి మన డాక్టర్లు వెళ్లింది ఆ తెరిచిన తలుపులోంచే. డాలస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన మన కుటుంబాలు ఓటు హక్కు కోసం ఊరేగుతూ సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బలకు నెత్తురోడినవాళ్లకు రుణపడి ఉన్నాయి. కాబట్టి ఈ సినిమాలు ఎవరికి పేరు కట్టబెడుతున్నాయో పట్టించుకోవాల్సిన బాధ్యత మనకూ ఉంది.

ఇంకో ఉదాహరణగా, బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడానికి నిరసనగా 1955లో అలబామాలోని మాంట్‌గోమరీలో మొదలైన బస్సుల బహిష్కరణనే తీసుకుందాం. 381 రోజులు సాగింది. 'ది లాంగ్ వాక్ హోమ్' (1990) అనే మంచి సినిమా వచ్చింది దాని మీద. రోజూ కాళ్లరిగేలా నడిచే పనిమనిషిగా హూపీ గోల్డ్‌బర్గ్ అద్భుతంగా నటించారు. కానీ ఆ కథ మనకు వినిపించేది తెల్ల యజమానురాలి కూతురి గొంతులో. 2001లో వచ్చిన 'బాయ్‌కాట్' కొంత నయం, అయినా దాని కేంద్రం కింగే. బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు రోసా పార్క్స్ అరెస్టయిన రాత్రి, అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్, ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని బహిష్కరణకు పిలుపునిచ్చే వేల కరపత్రాలు తెల్లవారేదాకా సైక్లోస్టైల్ చేశారు. ఆ తర్వాత సుమారు 300 కార్లతో సొంత రవాణా నడిచింది. ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, పెట్రోలు డబ్బు ఎవరిస్తారు, పోలీసులు జరిమానా వేస్తే ఏం చేయాలి, అన్నిటికీ లెక్క ఉంది. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కేకులు, భోజనాలు అమ్మించి ఆ ఖర్చుకు డబ్బు కూడబెట్టారు. ఎవరిచ్చారని అడిగితే ఎక్కడినుంచో వచ్చిందని చెప్పేవారు, ఇచ్చినవాళ్ల ఉద్యోగాలు పోకుండా.

రాబిన్సన్ నాయకత్వంలోని మహిళా సంఘం బస్సులు బహిష్కరిస్తామని మేయర్‌కు లేఖ రాసింది 1954 మేలో, పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర ముందు. ఆ లేఖ టైపు చేస్తుండగా మొదలయ్యే సినిమా ఒకటి రావాలి. 1955 మార్చిలో సీటు ఖాళీ చేయనన్న పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ అందులో ఉండాలి, ఆమె పేరు మీద ఉద్యమం నడపాలా వద్దా అని పెద్దలు పడ్డ తర్జనభర్జన ఉండాలి. రోసా పార్క్స్ అరెస్టు సగం సినిమా అయ్యాకే రావాలి. ఇరవై ఆరేళ్ల కింగ్ వేదికెక్కేటప్పటికి, ఆయన్ను అక్కడికి తెచ్చింది ఎవరో ప్రేక్షకుడికి తెలిసిపోయి ఉండాలి.