ఆరోగ్యవంతుడైన బిడ్డకు పది రోజుల నిర్బంధం ఏ వైద్యం?

2021 జూలైలో ఒక సాయంత్రం ఇంగ్లండులో నివసిస్తున్న మా అమ్మాయి ఇంటికి వీడియో కాల్ చేశాను. పన్నెండేళ్ల మనుమడు తెరపైకి వచ్చి, "తాతయ్యా, నాకు జబ్బు లేదు. పొద్దున పరీక్ష చేసుకుంటే నెగెటివ్ అనే వచ్చింది. అయినా పది రోజులు గుమ్మం దాటకూడదట. నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు. వాడి బడిలో ఎవరో ఒక విద్యార్థికి కొవిడ్ సోకింది. ఆ విద్యార్థి ఎవరో వాడికి తెలియదు, తన పక్కన కూర్చున్నాడో లేదో కూడా తెలియదు. అయినప్పటికీ ఆ తరగతి పిల్లలందరినీ ఇళ్లకు పంపివేశారు. ఆ విద్యా సంవత్సరంలో వాడికి అది మూడవసారి.

దశాబ్దాల పాటు రోగులను చూసిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం తోచలేదు. ఆ రోజులు గడిచిపోయాయి కదా, ఇప్పుడెందుకీ చర్చ అని కొందరు పాఠకులు అడగవచ్చు. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు భయం మాట్లాడుతుంది. అది తగ్గిన తరువాతనే వివేకం మాట్లాడగలదు. రేపు మరో అంటువ్యాధి వచ్చినప్పుడు ఇదే పొరపాటును మళ్లీ చేయకుండా ఉండాలంటే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మొదట రెండు పదాల మధ్య భేదం తెలుసుకోవాలి. వ్యాధి సోకినట్లు తేలిన మనిషిని ఇతరుల నుండి వేరుగా ఉంచడం ఐసోలేషన్. వ్యాధి సోకి ఉండవచ్చునన్న అనుమానంతో, పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న మనిషిని కొంతకాలం ఆపి ఉంచడం క్వారంటైన్. ఈ రెండవ పద్ధతి చాలా పాతది. 1377లో రగూసా నగరం, అంటే నేటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్, ప్లేగు వ్యాపించిన ప్రాంతాల నుండి వచ్చేవారిని ముప్పై రోజులు వెలుపలే నిలిపివేసింది. తరువాతి కాలంలో ఆ గడువు నలభై రోజులయింది. ఇటలీ భాషలో నలభై అనే సంఖ్య నుండే క్వారంటైన్ అన్న పేరు పుట్టింది. ఆనాటి వారికి ఒంట్లో వ్యాధి ఉన్నదో లేదో చూపించే పరీక్ష లేదు. ఎదురుచూడడమొక్కటే వారికి తెలిసిన పరీక్ష.

బ్రిటన్‌లో ఈ రెండింటినీ కలిపి సెల్ఫ్ ఐసోలేషన్ అని ఒకే పేరుతో పిలిచారు. జ్వరంతో మూలుగుతున్న వాడికీ, పెరట్లో బంతి తన్నుకుంటున్న వాడికీ ఒకటే మాట, ఒకటే శిక్ష. మాటలో భేదం చెరిగిపోయినప్పుడు విధానంలోనూ చెరిగిపోతుంది. నా ఆక్షేపణకు మూలం ఇదే.

న్యాయంగా చెప్పాలంటే ఆరంభంలో ఆ నియమానికి కారణమున్నది. 2020 సెప్టెంబరులో ఇంగ్లండు పాఠశాలలు పూర్తిగా తెరిచినప్పుడు పిల్లలను బబుల్స్ అనే గుంపులుగా విభజించారు. ఉన్నత పాఠశాలల్లో ఒక్కోసారి ఒక తరగతి మొత్తం ఒకే గుంపు. వైరస్ ఒంట్లో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడడానికి సగటున అయిదు రోజులు, అరుదుగా పద్నాలుగు రోజుల వరకు పడుతుంది. అందుచేత మొదట పద్నాలుగు రోజుల గడువు పెట్టి, 2020 డిసెంబరు 14 నుండి దానిని పది రోజులకు తగ్గించారు. మధ్యలో ఒకనాడు నెగెటివ్ వచ్చినంత మాత్రాన మరునాడు పాజిటివ్ రాదన్న హామీ లేదు గనుక పరీక్ష చేయించుకున్నా విడుదల లేదు. నియమాన్ని ఉల్లంఘిస్తే జరిమానా వెయ్యి పౌండ్ల నుండి మొదలయ్యేది. టీకాలు లేవు, పరీక్షలు చాలవు, వృద్ధులు రాలిపోతున్నారు. ఆనాడు నేను అధికారి స్థానంలో ఉన్నా బహుశా అదే ఉత్తరువు ఇచ్చి ఉండేవాడిని.

పరిస్థితి మారిన తరువాత కూడా ఉత్తరువు మారకపోవడమే అపరాధం. 2021 మార్చిలో బడులు మళ్లీ తెరిచినప్పటి నుండి ఉన్నత పాఠశాలల పిల్లలు వారానికి రెండుసార్లు లేటరల్ ఫ్లో పరీక్ష చేసుకుంటూనే ఉన్నారు. ఏప్రిల్ 9 నుండి ఆ కిట్లు ఇంగ్లండులో అందరికీ ఉచితం. వేసవి నాటికి వృద్ధులలో అత్యధికులకు రెండు డోసుల టీకా పూర్తయింది. అయినా జూలై 15న ఇంగ్లండులో కొవిడ్ కారణంగా బడికి దూరమైన పిల్లలు పది లక్షలకు పైగా ఉన్నారని అక్కడి విద్యాశాఖ లెక్కలే తెలిపాయి. వారిలో వ్యాధి నిర్ధారణ అయినవారు దాదాపు 47,000. బడిలో ఎవరితోనో కలిసి ఉండవచ్చునన్న కారణంగా ఇంట్లో కూర్చున్నవారు దాదాపు 9,30,000. ఒక్క రోగికి ఇంచుమించు ఇరవై మంది అనుమానితులన్నమాట.

దానికి నాలుగు రోజుల ముందు, జూలై 11న, లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఐరోపా ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. 60,000 మందికి పైగా ప్రేక్షకులు భుజాలు రాసుకుంటూ కేకలు పెట్టారు. ప్రవేశానికి టీకా ధ్రువపత్రమో, నెగెటివ్ వచ్చిన లేటరల్ ఫ్లో పరీక్షో చూపితే చాలు. పెద్దవాడిని మైదానంలోకి పంపిన ఆ నెగెటివ్ ఫలితమే మా మనుమడిని తరగతి గదిలోకి పంపలేకపోయింది. వైద్యశాస్త్రం ఏ పుటలో ఈ భేదాన్ని సమర్థిస్తుందో ఎవరైనా చూపితే నేర్చుకోవడానికి నేను సిద్ధం.

ప్రతిరోజూ పరీక్ష చేసి, నెగెటివ్ వచ్చినవారిని బడిలో కూర్చోబెట్టే పద్ధతిని ఇంగ్లండులోనే 201 విద్యాసంస్థలలో శాస్త్రీయంగా పరిశీలించారు. ఆ ఫలితాలు 2021 సెప్టెంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. రోగితో సన్నిహితంగా మెలగిన వారిలో నిజంగా వ్యాధి సోకినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. దినసరి పరీక్షలు జరిపిన బడులలో వ్యాధి వ్యాప్తి గణనీయంగా పెరిగినట్లు కనబడలేదు. ఇక్కడ నా వాదానికి వ్యతిరేకమైన అంశం కూడా దాచకుండా చెప్పాలి. అవకాశమున్న వారిలో సగం మంది కూడా దినసరి పరీక్షలలో పాల్గొనలేదు. లేటరల్ ఫ్లో పరీక్ష కొందరిని పట్టుకోలేదన్నది కూడా నిజమే. కాని నూటికి తొంభై ఎనిమిది మంది ఆరోగ్యవంతులను బంధించడానికి ఈ లోపాలు చాలవు.

"జాగ్రత్త కాస్త ఎక్కువైతే నష్టమేమిటి?" అని నా మిత్రులైన వైద్యులే అడిగారు. ఆ మాట ఒక మందు గురించి అంటారా? ప్రతి మందుకూ మోతాదు ఉన్నట్లే, దుష్ఫలితమూ ఉంటుంది. నిర్బంధం కూడా ఒక చికిత్సే. దాని దుష్ఫలితాలు అందరి ఇళ్లలో ఒకేలా ఉండవు. సొంత గదీ, కంప్యూటరూ ఉన్న బిడ్డకు పది రోజులు విసుగు మాత్రమే. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లో, బడి భోజనమే కడుపు నింపే ఇంట్లో, ఆ పది రోజులు వేరు. బిడ్డకు కాపలా ఉండవలసిన తల్లి కూలి పోగొట్టుకుంటుంది. తక్కువ ఆదాయం గలవారికి నిర్బంధకాలంలో 500 పౌండ్లు ఇచ్చే పథకం 2020 సెప్టెంబరులో ఆరంభమైనా, నిర్బంధంలో ఉన్న బిడ్డను చూసుకునే తల్లిదండ్రులను అందులో చేర్చింది 2021 మార్చిలోనే. నిర్బంధం చట్టమయింది వెంటనే, పరిహారం వచ్చింది అయిదు నెలల తరువాత.

మరొక వర్గం వారు పిల్లలకు కొవిడ్ ఏమీ చేయదని తేలికగా కొట్టిపారేస్తారు. వారితోనూ నేను ఏకీభవించను. మొదటి ఏడాదిలో ఇంగ్లండులోని కోటీ ఇరవై లక్షల మంది పిల్లలలో ఈ వైరస్ వల్ల మరణించినవారు 25 మంది అని అక్కడి పరిశోధకులు లెక్కించారు. సంఖ్య చిన్నదే, కాని ఆ ఇరవై అయిదు ఇళ్లలో దుఃఖం చిన్నది కాదు. జ్వరమూ దగ్గూ ఉన్న బిడ్డ, పరీక్షలో పాజిటివ్ వచ్చిన బిడ్డ ఇంట్లోనే ఉండాలి. అందులో నాకు సందేహం లేదు. వాడి పక్కన కూర్చున్న పాపానికి తరగతి మొత్తం ఇంట్లో ఉండాలనడమే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం.

చివరికి 2021 జూలై 19తో బబుల్స్ పద్ధతి ముగిసింది. ఆగస్టు 16 నుండి పద్దెనిమిదేళ్ల లోపు వారికి, పరీక్షలో పాజిటివ్ రానంతవరకు, కేవలం కలిసి ఉన్నందుకు నిర్బంధం ఉండదన్నారు. అప్పటికి విద్యా సంవత్సరం పూర్తయింది.

మన రాష్ట్రాల సంగతి వేరు. ఇక్కడ గుంపులను కాదు, బడులనే మూసివేశాము. తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులకు తెరిచిన బడులు మార్చి 24న మళ్లీ మూతపడి సెప్టెంబరు 1 వరకు తెరుచుకోలేదు. పద్ధతి వేరయినా, వెనుక ఉన్న సులువు ఒకటే. పిల్లలకు ఓటు లేదు, సంఘం లేదు, ధర్నా చేయరు. వారిపై ఆంక్ష విధించడం ఏ ప్రభుత్వానికైనా అన్నిటికంటె చవక.

కాబట్టి తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ నా విన్నపం. రేపు ఏ వ్యాధి పేరుతోనైనా మీ బిడ్డను ఇంటికి పంపితే నాలుగు ప్రశ్నలు అడగండి. నా బిడ్డ రోగియా, అనుమానితుడా? అనుమానం తీర్చే పరీక్ష ఉన్నదా? ఉంటే నెగెటివ్ వచ్చిన బిడ్డను ఎందుకు రానివ్వరు? ఎన్ని రోజులు, ఏ ఆధారంతో? ఆ రోజుల చదువుకూ, భోజనానికీ, తల్లి కూలికీ బాధ్యత ఎవరిది? సమాధానాలు సబబుగా ఉంటే సంతోషంగా పాటించండి. లేకుంటే మర్యాదగా, గట్టిగా మళ్లీ అడగండి.

ఆ సాయంత్రం మా మనుమడికి "నువ్వేం తప్పు చేయలేదు నాన్నా" అని మాత్రమే చెప్పగలిగాను. తప్పు పెద్దలదని కూడా ఆనాడే చెప్పి ఉండవలసింది.