గట్టి చెక్కే... మరి మన్నుతుందా?

అమెరికాలో అబ్బాయింట ఆర్నెల్లుండి జంగారెడ్డిగూడెం తిరిగొచ్చిన దంపతులకు ఓ ముచ్చట పుట్టింది. మేడమీద గదికి అక్కడిలాగే చెక్క నేల వేయించాలని! మనవరాలు సెలవులకొస్తే తనింట్లో ఉన్నట్టే ఆడుకుంటుందని ఆశ. అబ్బాయింట్లో వేసింది బిర్చ్. లేత మీగడ రంగు, నున్నటి చెక్క.

వడ్రంగి మేస్త్రికి ఆ పేరు కొత్త. నిజానికది మనకు పాత చుట్టమే. పూర్వం కాశ్మీరంలో గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రాలు హిమాలయాల్లో పెరిగే బిర్చ్ బెరడే. అమెరికాలో నేలకు ఎక్కువగా వాడేది దాని దాయాది, ఎల్లో బిర్చ్.

‘‘టేకు కంటే గట్టిదాండీ?’’ మేస్త్రి మొదటి ప్రశ్న ఇదే. గట్టిదే! చిన్న ఉక్కు గుండును చెక్కలోకి సగందాకా దిగేలా నొక్కి, ఎంత బలం పట్టిందో కొలుస్తారు. దీన్ని జాంకా పరీక్ష అంటారు. ఎల్లో బిర్చ్‌కు 1260 పౌండ్ల బలం కావాలి. టేకుకు సుమారు 1070 చాలు. కుర్చీలు జరిపినా బిర్చ్ తేలిగ్గా సొట్టపడదన్నమాట.

అయితే గట్టితనం వేరు, మన్నిక వేరు. టేకు చేవలో సహజంగా ఉండే నూనెల్లాంటి పదార్థాలు చెదల్ని దగ్గరకు రానీయవు, తడిని ఓర్చుకుంటాయి. బిర్చ్‌కు ఆ రక్షణ లేదు. పైగా పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి ఎల్లో బిర్చ్ దాదాపు 17 శాతం కుంచించుకుపోతుంది. టేకైతే 7 శాతమే. అంటే మే నెల ఎండలకు పలకల మధ్య సందులు పడతాయి. శ్రావణమాసం ముసురుకు అవే పలకలు ఉబ్బి లేస్తాయి. ఇక బకెట్లతో నీళ్ళు పోసి కడిగే అలవాటుంటే చెప్పక్కర్లేదు!

బిర్చే కావాలనుకుంటే, ప్లైవుడ్ పొరల మీద బిర్చ్ పలుచగా అతికించిన పలకలు నయం. వాటినీ బిగించేముందు కొన్నాళ్ళు ఆ గదిలోనే ఉంచాలి. గోడల వెంట అరంగుళం ఖాళీ వదలాలి. తడిగుడ్డను గట్టిగా పిండి తుడవాలి. గదిలో తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉంటే మరీ మంచిది.

చిక్కంతా అక్కడే వచ్చింది. పిల్లలు వచ్చివెళ్ళే నెల తప్ప ఆ గదికి తాళమే! అందుకే పెద్దాయన టేకువైపు మొగ్గారు. మేస్త్రి ఒక్కమాట మాత్రం మరీమరీ చెప్పాడు... ‘‘టేకైనా తెల్లచెక్కను చెదలు వదలవండీ. అడితిలో చేవ చూసి కొనండి.’’