సాయంకాలపు జ్వరము – పచ్చిపాలు



వాంతులును విరేచనములును గలిగినప్పుడే మనము తినిన పదార్థమునందు దోషము గలదని తలంతుము. కాని యాహారముద్వారా వచ్చు వ్యాధు లన్నియు కడుపునే పట్టవు. పాడిపశువులనుండి మనకు సంక్రమించు బ్రుసెల్లోసిస్ అట్టిది. పశువులయందు దీనిని ఈసుడు రోగ మందురు.

1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు, మాల్టా ద్వీపమున జ్వరముచే మృతినొందిన సైనికుల ప్లీహమునందు దీని సూక్ష్మజీవిని కనుగొనెను. ఆరోగ్యముగా గనబడు మేకలలోను నది గలదని 1905లో జమిత్ అను వైద్యుడు తెలిసికొనెను. మఱుసటి సంవత్సరము సైనికులకు మేకపాలు మాన్పింపగా వారిలో నీ జ్వరము మిక్కిలి తగ్గిపోయెను.

దీని లక్షణము లెవ్వి? పచ్చిపాలు త్రాగిన 2 మొదలు 4 వారములకు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలకు, జ్వరము ప్రారంభమగును. ఉదయము తగ్గి, సాయంకాలమునకు హెచ్చును. రాత్రి చెమటచే పక్క తడిసిపోవును. నడుమును, కీళ్లును నొచ్చును, ఆకలి నశించును, చిన్న పనికే యలసట గలుగును. పురుషులకు వృషణములు వాచుటయు గలదు. కొన్నాళ్లు తగ్గి మరల వచ్చుటచేత జనులు దీనిని మలేరియా యనియో, టైఫాయిడ్ అనియో భ్రమపడుదురు. నే నెఱిగిన యొక రైతు రెండు నెలలిట్లే బాధపడెను. తన గేదె యీసుకొనిపోయిన సంగతి వైద్యునకు జెప్పవలెనని యతనికి దోపలేదు. అది చెప్పిన పిమ్మటనే రక్తపరీక్ష జరిగి వ్యాధి తెలియవచ్చెను. కావున వారము దాటిన జ్వరము గలవారు తమ పశువుల సంగతి వైద్యునకు తప్పక చెప్పవలయును. చికిత్స సాధారణముగా 6 వారములు రెండు మందులతో జరుగును. సుఖముగా నున్నదని నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టును.

నివారణ సులభము. పాలు పొంగువఱకు కాచినచో సూక్ష్మజీవులు చచ్చును. బలమని పిల్లలకు గుమ్మపాలు త్రాగించు నలవాటు మానవలయును. చూడిపశువు ఈసుకొనినప్పుడు మాయను వట్టిచేతులతో ముట్టరాదు, కుక్కలకు వేయరాదు. సున్నము చల్లి లోతుగా పూడ్చవలయును. 4 మొదలు 8 నెలల పెయ్యలకు పశువైద్యునిచే నొక్కసారి టీకా వేయింపవలయును. ఇందులకై కేంద్రప్రభుత్వము 2019లో నొక పథకమును ప్రారంభించినది.

ఇక నా ముఖ్యాభిప్రాయ మిది. పశువు ఈసుకొనినచో మనవారు గుట్టుగా నుంచి, పిమ్మట దానిని సంతలో నమ్మివేయుదురు. కొనినవాని దొడ్డిలో వ్యాధి ప్రవేశించును. ఇట్లు దాచువానిని నిందించుట సులభమే. కాని నిజము చెప్పినవాని పాలను సంఘ మూరక త్రోసివేసినచో ఇక నెవ్వడు నిజము చెప్పును? కావున మన సంఘము చెప్పినవానిని వెలివేయక, పశువునకు పరీక్ష చేయించి, ఫలితము తెలియువఱకు వాని నష్టములో కొంత భరించుట న్యాయము. ఒకని నష్టము నందఱును పంచుకొనుటకే గదా సహకారసంఘము లేర్పడినవి! రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు దీనిని చర్చింప గోరుచున్నాను.