పంచ్‌లో 'పంచ' ఎంత?

మద్యం ముట్టని పంతులుకు మద్యం ముచ్చటెందుకని అడుగుదురు గాక. నా ఆసక్తి పానీయంపై కాదు, దాని పేరుపై.

అమెరికాలో డాన్ బీచ్ 1934లో జాంబీని, ట్రేడర్ విక్ 1944లో మైతాయ్‌ని రమ్ముతో కల్పించారు. మైతాయ్ నాదంటే నాదని ఇద్దరూ వాదులాడుకున్నారు. ఈ రెంటికీ పూర్వరూపం కరీబియన్ దీవుల ప్లాంటర్స్ పంచ్.

ఆ 'పంచ్' మన 'పంచ' శబ్దమేనని ప్రసిద్ధి. సారాయి, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యం కలిసి ఐదు. ఈ మాట తొలిసారి కనిపించేది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఆంగ్ల లేఖలో. అది చేరవలసిన చోటు పెద్దపల్లి! గోదావరిఖనిలో కూర్చుని చదువుతున్న నాకు ఒళ్లు పులకరించింది. కాని అది మా పెద్దపల్లి కాదు. 1611లో కుంఫిణీ వర్తకులు దిగి, పెట్టపోలీ అని పిలిచిన నేటి నిజాంపట్నం.

ఆ పొరపాటే నాకు గుణపాఠమైంది. పేరు కలిస్తే ఊరు ఒకటి కానట్లే, ధ్వని కలిస్తే వ్యుత్పత్తి సిద్ధించదు. పాత పద్ధతులలో ద్రవ్యాలు ఎప్పుడూ ఐదే కావు. పీపాకు ఆంగ్లంలో గల 'పంచన్' అనే పేరే మూలమనే వాదమూ ఉన్నది.

తరగతిలో 'అంతా మనదే' అని చెప్పి పిల్లలచేత చప్పట్లు కొట్టించుకున్నవాడిని. నేడది తలచుకుంటే సిగ్గు కలుగుతున్నది. కల్లును ఆంగ్లేయులు 'టాడీ' అన్నది మాత్రం హిందీ 'తాడీ' నుండే. దాని మూలం సంస్కృత 'తాల'మే. మన తాడిచెట్టూ ఆ కుదురుదే. నిలిచే మాటను గట్టిగా చెబుదాం. అనుమానమున్నచోట అనుమానమనే చెబుదాం. భాషాభిమానానికి అంతకు మించిన మర్యాద లేదు.