బెల్లు నొక్కని వాళ్ళు

'అడగందే అమ్మయినా పెట్టదు' అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన బాలింతను చూసి ఉండడు. మన ఇళ్ళలో బాలింత నోరు తెరిచి అడుగుతుందా? వేడినీళ్ళు, కాయం, పత్యం వేళకి మంచం దగ్గరికే వస్తాయి. అడిగించుకుని పెట్టేది పెట్టడమే కాదనేది మా అమ్మమ్మ.

అమెరికా ఆస్పత్రి మాత్రం ఆ సామెత మీదే నడుస్తుంది. "ఏం కావాలన్నా బెల్లు నొక్కండి" అని నవ్వుతూ చెప్పి వెళ్తుంది నర్సు. ఆవిడ కఠినురాలు కాదు. రోగిని మాటిమాటికీ కదిలించకపోవడం ఆవిడ నేర్చుకున్న మర్యాద.

మరి అవతలివాళ్ళ మర్యాదో? 1975లో లావోస్ కమ్యూనిస్టుల వశమయ్యాక, అక్కడి కొండజాతి హ్మాంగులు ఎందరో థాయిలాండ్ శిబిరాల మీదుగా కాలిఫోర్నియా, మిన్నెసోటా చేరారు. వాళ్ళ బాలింతకి నెల్లాళ్ళు వేడన్నం, మూలికలు వేసిన కోడి చారు. చన్నీళ్ళు ముట్టదు. ఆస్పత్రిలోనేమో మంచం పక్కన ఐసునీళ్ళ జగ్గు! పరాయి దేశంలో, రాని భాషలో, పెట్టినదానికి వంకపెట్టడానికి నోరెలా వస్తుందండీ? ఆవిడ తాగదు, బెల్లూ నొక్కదు. 'మాట వినని రోగి' అని పేరు మాత్రం వస్తుంది.

ఆ పేరు ఎంత దూరం పోతుందో ఆన్ ఫాడిమన్ 1997లో ఒక పుస్తకమే రాసింది. మెర్సెడ్ ఊళ్ళో మూర్ఛలొచ్చే హ్మాంగు పాప. తల్లిదండ్రులకి చదువు రాదు, ఇంగ్లీషు రాదు. మందుల లెక్క చూస్తే మారుతూనే ఉంటుంది. సరిగా వేయడం లేదని 1985లో పాపని వాళ్ళ దగ్గర్నుంచి తీసుకెళ్ళి కొన్నాళ్ళు వేరేచోట పెట్టారు. తిరిగొచ్చాక, 1986లో పెద్ద మూర్ఛ వచ్చి మెదడు పోయింది. ఇక బతకదని డాక్టర్లు అనుకున్నారు. 'మాట వినని' ఆ ఇంటివాళ్ళు, అడగడానికి నోరే లేని పిల్లని 2012 దాకా బతికించుకున్నారు.

"వచ్చినవాళ్ళే మా పద్ధతులు నేర్చుకోవాలి" అంటారు. నేర్చుకుంటారు లెండి. నొప్పులు పడే రోజే నేర్చుకోవాలా? రోగి ఆచారం తెలుసుకోవడం నర్సు చదువులో భాగమని మడలీన్ లైనింగర్ అనే నర్సే పోట్లాడి, 1974లో అందుకో సంఘం పెట్టింది. నేను కొత్తగా కోరేదేం లేదు. "మీ ఇంట్లో అయితే ఇప్పుడేం చేస్తారమ్మా?" అని దుబాసీ చేత ఒక్క ప్రశ్న, ఐసు జగ్గు స్థానంలో గ్లాసెడు వేడినీళ్ళు.

అమ్మనెందుకు ఆడిపోసుకోవడం? అడగందే పెట్టనిది ఆస్పత్రి!